పూల దుంపలు చవగ్గా సంపాదించడం ఎలా?

పూల దుంపల మీద మోజు పుట్టిన కొత్తలో ఆన్‌లైన్‌లో ‘ఇరవై రంగుల అమరిల్లిస్’ అని ఒక ప్యాకెట్ తెప్పించాను. ఫొటోలో నీలం ఉంది, నలుపు కూడా ఉంది. వచ్చినవేమో నిమ్మకాయంత దుంపలు. రెండేళ్లు ఆకులు తప్ప ఇంకేమీ లేదు. మూడో ఏడు పూశాయి, ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ ఎరుపే. అదే ఎరుపు పక్కింటి గేటు పక్కన గుబురుగా పెరిగి, కాలిబాట మీదకి పడుతోంది. ఒక్క మాట అడిగుంటే సంచీడు ఇచ్చేవారు.

దుంప మొక్కలు నేల కింద ఊరికే ఉండవు, పిల్లలు పెడుతూనే ఉంటాయి. అంటే ఎప్పుడు చూసినా ఎవరో ఒకరి తోటలో అవి ఎక్కువైపోయి, ఏం చేయాలో తెలియని స్థితిలో ఉంటాయి. చవగ్గా సంపాదించాలంటే ఆ చోటు వెతుక్కోవాలి. దొరకని రకం మాత్రమే డబ్బు పెట్టి కొనాలి, అదీ కొద్దిగా. ఆ కొద్ది దాన్నే ఇంట్లో పెంచుకోవాలి. కింద చెప్పేది ఈ వరసలోనే.

ముందు మీ వాతావరణంలో ఏవి నిలుస్తాయో చూడండి

ఇది వదిలేసి చవకబేరానికి వెళ్తే డబ్బు పోయినట్టే. తులిప్, హయసింత్, క్రోకస్, చాలా రకాల డాఫోడిల్స్‌కి చలి తప్పనిసరి. తులిప్ కాడ సరిగ్గా సాగాలంటే దుంప 12 నుంచి 16 వారాలు, సుమారు 4–9 డిగ్రీల సెల్సియస్‌లో గడపాలి. చలికాలం గట్టిగా ఉండే చోట ఆ పని నేలే చేసిపెడుతుంది. వెచ్చని చోట ఫ్రిజ్‌లో పెట్టాలి, అది కూడా పండ్లకి దూరంగా. పండ్ల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు తగిలితే మొగ్గ లోపలే మాడిపోతుంది. ఇంత చేసినా వెచ్చని చోట తులిప్ ఒక్క ఏడాది ముచ్చటే. మళ్లీ ఏడాది మళ్లీ కొనాలి. అందుకే అక్కడ తులిప్ ఎంత చవగ్గా వచ్చినా నా లెక్కలో ఖరీదైనదే.

వెచ్చని చోట హాయిగా పెరిగి సంతానం పెంచేవి వేరే ఉన్నాయి. అమరిల్లిస్ పేరుతో అమ్మే హిప్పియాస్ట్రమ్, వాన లిల్లీ, మనం లిల్లీ పూలు అనే ట్యూబరోస్, గ్లాడియోలస్, మెట్టతామర, స్పైడర్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ. వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు. చలి ప్రాంతాల వాళ్లు డాఫోడిల్స్‌ని నమ్ముకోవచ్చు. నీళ్లు నిలవని నేలలో అవి దశాబ్దాల పాటు ఉంటాయి, విషం ఉండటం వల్ల ఎలుకలూ జింకలూ ముట్టవు. తులిప్‌లే కావాలనుకుంటే డార్విన్ హైబ్రిడ్లు అనే సంకర రకాలు, అడవి జాతి చిన్న తులిప్‌లు మిగతావాటికన్నా ఎక్కువ ఏళ్లు తిరిగి పూస్తాయి.

ఈ వడపోత అయ్యాక కావలసినవి అయిదారు రకాలు రాసుకోండి. అంతకు మించి రాస్తే ఏదో ఒకటి కనబడగానే కొనేస్తాం.

కొనకముందు అడగండి

ఎవరి దగ్గర ఎక్కువైపోయాయో చూడగానే తెలుస్తుంది. కుండీ అంచు పగిలేలా వాన లిల్లీలు ఒరుసుకుంటున్నా, స్పైడర్ లిల్లీ గుబురు నడిచే దారిలోకి వచ్చేసినా, ఆకులు దట్టంగా ఉండి పువ్వులు మాత్రం తగ్గిపోయినా ఆ గుబురు విడదీయాల్సిన సమయం దాటిపోయిందని అర్థం. విడదీస్తే వాళ్ల మొక్కకే మేలు. కాబట్టి మొహమాటపడక్కర్లేదు. ‘అండీ, మీ లిల్లీలు బాగా కిక్కిరిసిపోయాయి. మీరు సరేనంటే ఆదివారం నేనొచ్చి విడదీసి మళ్లీ నాటిపెడతాను, మిగిలినవి నాలుగు నాకివ్వండి’ అంటే కాదనేవాళ్లు తక్కువ. దుంపలు ఊరికే అడిగినదానికీ, పని చేసిపెడతానని అడిగినదానికీ చాలా తేడా ఉంటుంది.

వెళ్లినప్పుడు గడ్డపారతో మొక్క మొదట్లో పొడవకండి. గుబురుకి జానెడు దూరంలో చుట్టూ మట్టి వదులు చేసి, పెళ్ల మొత్తం ఒకేసారి పైకి లేపండి. బకెట్ నీళ్లలో ముంచి ఆడిస్తే మట్టి జారిపోయి దుంపలు వాటంతట అవే విడివడతాయి. చేత్తో లాగితే వేళ్ల మొదలు, అంటే దుంప అడుగున ఉండే గట్టి పళ్లెం లాంటి భాగం చిట్లుతుంది. అది చిట్లితే ఆ దుంప సరిగ్గా వేళ్లు వేయకపోవచ్చు. పెద్దవి ఇంటివాళ్లకే నాటిపెట్టి, వేలెడంత పిల్లలు మీరు తెచ్చుకోండి. రెండోసారి వాళ్లే కబురు పెడతారు.

ఇళ్ల తర్వాత చూడాల్సినవి పెద్ద పార్కులు, సంస్థల ఆవరణలు. సీజన్ మారినప్పుడల్లా పూల మళ్లు మార్చే చోట పూసిపోయిన దుంపల్ని తవ్వి పారేస్తుంటారు. మళ్లు మార్చే వారంలో తోటమాలిని, లేదా తోట చూసుకునే అధికారిని అడగాలి. వారం ముందు వెళ్తే ఇంకా టైముందంటారు, వారం తర్వాత వెళ్తే చెత్తబండి వెళ్లిపోయి ఉంటుంది. అనుమతి లేకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు.

కోత పూల తోటలు వేసే రైతులు ఇంకా మంచి ఆధారం, కానీ జనానికి తట్టదు. ట్యూబరోస్ ఒకసారి నాటితే రెండు మూడేళ్లు కోసి, తర్వాత పొలం మొత్తం తవ్వేస్తారు. అప్పుడు ఒక్కో మొదట్లో గుత్తులు గుత్తులుగా దుంపలు బయటపడతాయి. వాటిలో తల్లి దుంప మీద ఆశపడకండి, ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. చుట్టూ ఉన్నవాటిలో రెండు మూడు సెంటీమీటర్ల అడ్డం ఉన్నవి ఏరుకోండి, నెల పైన నీడలో ఆరబెట్టి నాటండి. గ్లాడియోలస్ తవ్వినప్పుడైతే పెద్ద దుంపల్ని సైజుల వారీగా వేరు చేశాక, అడుగున శనగగింజంత పిల్లలు మిగిలిపోతాయి. వాటిని లెక్కపెట్టి కాదు, గుప్పెళ్లతో ఇస్తారు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటితే పైపెచ్చు మెత్తబడి మొలుస్తాయి. ఒకటి రెండు సీజన్లు ఆకులతోనే సరిపెడతాయి, తర్వాత పూస్తాయి.

ఇక పూల దుకాణాల్లో కుండీలో పూయించి అమ్మే మొక్కలు. పువ్వు వాడగానే వాటి ధర దిగిపోతుంది, కానీ దుంప అలాగే ఉంటుంది. డాఫోడిల్, ద్రాక్షగుత్తిలా పూసే మస్కారి, హిప్పియాస్ట్రమ్ అయితే ధైర్యంగా తీసుకోండి. వాడిన కాడ కోసి, ఆకుల్ని మాత్రం కోయకుండా వెలుతురులో ఉంచి నీళ్లూ ఎరువూ ఇవ్వండి. వచ్చే ఏటి పువ్వుకి తిండి ఆ ఆకులే దాస్తాయి. హయసింత్ తిరిగి పూస్తుంది కానీ గుత్తి పల్చగా వస్తుంది. తులిప్ మీద నమ్మకం వద్దు. మైనం పూసి, నీళ్లూ మట్టీ లేకుండానే పూస్తుందని అమ్మే అమరిల్లిస్ కూడా వద్దు. వాటికి చాలాసార్లు వేళ్ల మొదలే కోసేసి ఉంటారు. పూసిన తర్వాత అది అలంకారపు బొమ్మే.

కొనాల్సి వస్తే

సీజన్ మొదట్లో కొంటే రకాలు ఎక్కువ, చివర్లో కొంటే ధర తక్కువ. వసంతంలో పూసే దుంపలు శరదృతువులో దుకాణానికి వస్తాయి. నాటే రోజులు ముగిసేకొద్దీ అమ్మేవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది, ఎందుకంటే దుంప వచ్చే ఏడాదికి నిలవ ఉండదు. ఆ చివరి వారాల్లో తులిప్ నిశ్చింతగా కొనొచ్చు. నేల గడ్డకట్టనంత వరకు ఆలస్యంగా నాటినా అది తట్టుకుంటుంది. డాఫోడిల్, క్రోకస్ ముందుగా వేళ్లు వేసేవి కాబట్టి వాటిని మరీ చివరిదాకా లాగొద్దు. స్నోడ్రాప్ పొడి దుంప అయితే సీజన్ చివర కొననే కొనొద్దు, అప్పటికి లోపల ఎండిపోయి ఉంటుంది. గ్లాడియోలస్, డాలియా లాంటి వేసవి పూల దుంపలకి ఇదే కథ, కాకపోతే వసంతం చివర.

తర్వాత సైజు. చాలామంది మోసపోయేది ఇక్కడే. దుంపల వ్యాపారంలో సైజు అంటే చుట్టుకొలత, సెంటీమీటర్లలో. 12/14 అని ఉంటే చుట్టుకొలత 12కీ 14కీ మధ్య ఉందన్నమాట. అడ్డం కొలత కావాలంటే మూడుతో భాగించండి, సుమారుగా వచ్చేస్తుంది. తులిప్‌లో 12, ఆపైన ఉన్నవి మేలురకం. 10/11 కూడా పూస్తుంది, పువ్వు కాస్త చిన్నది. మళ్లు నింపడానికి అది చాలు, ధర కలిసొస్తుంది. హిప్పియాస్ట్రమ్‌లో 24/26 దుంప మామూలుగా ఒక కాడ వేస్తుంది, 34/36 దుంప రెండు మూడు వేస్తుంది. గ్లాడియోలస్ 8/10 కన్నా తగ్గితే ఈ ఏడాది పువ్వు మీద ఆశ పెట్టుకోకూడదు. సైజు రాయని ప్యాకెట్ చూస్తే, అందులో ఉన్నవి చిన్నవే అనుకుని పక్కన పెట్టండి. మొదట్లో చెప్పిన నా ప్యాకెట్ మీద కూడా సైజు లేదు.

ధరని దుంపల లెక్కతో భాగించకండి, ఈ ఏడాది పూసే దుంపల లెక్కతో భాగించండి. ఒకే ధరకి రెండు గ్లాడియోలస్ ప్యాకెట్లు ఉన్నాయనుకుందాం. ఒకదాంట్లో 6/8 సైజువి పది, ఇంకోదాంట్లో 12/14 సైజువి అయిదు. కంటికి పది ఎక్కువగా కనిపిస్తాయి. పూసేది మాత్రం వాటిలో రెండో మూడో, అయిదింట్లో అయిదూ పూస్తాయి. ఒక ఏడాది ఆగగలిగితే పది కొనండి, తప్పులేదు. ఆగుతున్నామని తెలిసి కొనాలి, అంతే.

దుకాణంలో అయితే చేతిలోకి తీసుకోండి. ఒకే సైజువి రెండు తీసుకుని తూకం చూస్తే, బరువైనది మంచిది. తేలికగా ఉంటే లోపల ఎండింది. అడుగు పళ్లెం మీద బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా దిగిపోతే కుళ్లు మొదలైంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లని వాసన రాకూడదు. తులిప్ మీది గోధుమరంగు తొక్క ఊడిపోతే నష్టం లేదు. పైన పల్చటి నీలాకుపచ్చ బూజు ఉండి దుంప గట్టిగా ఉంటే తుడిచి నాటుకోవచ్చు, ధర తగ్గించమనడానికి అది మంచి వంక కూడా. అసలైన లిల్లీ (ట్యూబరోస్ కాదు, లిలియం) దుంపకి తొక్క ఉండదు, వెల్లుల్లి రెబ్బల్లాంటి పొలుసులు బయటికే కనిపిస్తాయి. అవి వేలాడిపోయి ఉంటే వదిలేయండి. డాలియాలో లావు దుంప చూసి మురిసిపోకూడదు. పాత కాడ మొదట్లో కన్ను ఉండాలి. కన్ను లేకుండా విరిగిన దుంప వేళ్లు వేస్తుంది కానీ మొలకెత్తదు.

ఆన్‌లైన్‌లో అయితే ఫొటో కాదు, రకం పేరు చూడండి. అసలు పేరు లేకుండా ‘బ్లూ’, ‘రెయిన్‌బో’ అని మాత్రమే ఉంటే అక్కడే ఆగిపోండి. తులిప్ విత్తనాలు అమ్మితే నవ్వుకోండి. విత్తనం నుంచి తులిప్ పూయాలంటే అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది, అదీ ఫొటోలోని రంగే వస్తుందన్న హామీ లేకుండా.

నలుగురు కలిస్తే టోకు ధర

టోకు వ్యాపారులు ఒక్కో రకం వందల లెక్కన ఇస్తారు. ఒక్క ఇంటికి వంద డాఫోడిల్స్ ఎక్కువ, అయిదు ఇళ్లకి ఇరవై చొప్పున సరిపోతాయి. పంపకం రోజునే దుంపలు నాటేలా చూసుకోండి, సంచుల్లో మూటగట్టి వదిలేస్తే చెమట పట్టి కుళ్లుతాయి. మీ దగ్గర మిగిలినవాటితో ఇంకో రకానికి మారకం వేసుకోవచ్చు కూడా.

అరుదైన రకాల మీద మనసున్నవాళ్లకి మొక్కల సంఘాలు ఉన్నాయి. పసిఫిక్ బల్బ్ సొసైటీలో సభ్యులు తమ దగ్గర మిగిలిన దుంపలూ విత్తనాలూ పంపిస్తే, వాటిని తక్కువ ఖర్చుకే మిగతా సభ్యులకి పంచుతారు. ఆల్పైన్ గార్డెన్ సొసైటీలో విత్తనాల పంపకం ఉంటుంది. దేశం దాటించి తెప్పించేటప్పుడు మాత్రం ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే పురుగూ తెగులూ లేవని ఇచ్చే పత్రం అడుగుతారు. అది లేక సరిహద్దులో ఆగిపోయిన పార్సిల్ కన్నా ఖరీదైన దుంప ఇంకోటి లేదు. స్నోడ్రాప్, సైక్లమెన్, స్టెర్న్‌బెర్గియా లాంటివి అడవి మొక్కలూ జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద నియంత్రణలో ఉన్నాయి. అవి నమ్మలేనంత చవగ్గా కనిపిస్తే అడవి నుంచి తవ్వి తెచ్చినవేమో అనుమానించాలి.

ఒక్క దుంపని పదహారు చేయడం

నాకు అన్నింటికన్నా ఇష్టమైన పని ఇదే. మంచి రకం హిప్పియాస్ట్రమ్ ఒక్కటే కొని, దాన్ని ముక్కలు చేసి మొక్కలు చేయడం. మొదటిసారి కత్తి పెట్టడానికి ప్రాణం ఒప్పదు. అందుకని మొదట గేటు పక్క ఎరుపు దాని మీద చేయి తిప్పుకున్నాను.

ఆకులు ఎండి విశ్రాంతిలో ఉన్న, గట్టి దుంప తీసుకోండి. ఎండు తొక్కలు ఒలిచేయండి. మెడ భాగం, వేళ్లు కోసేయండి, అడుగు పళ్లెం మాత్రం కనీసం అర సెంటీమీటరు మందాన ఉండనివ్వండి. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, పైనుంచి కిందికి నిలువునా రెండు చేయండి. లోపల ఉల్లిపాయలాగే పొరలు, మధ్యలో పచ్చని మొవ్వు, కొన్నిసార్లు గింజంత మొగ్గ కూడా కనిపిస్తుంది. రెండుని నాలుగు, నాలుగుని ఎనిమిది, దుంప పెద్దదైతే పదహారు. నారింజ తొనల్లా వస్తాయి. ప్రతి తొన కింద పళ్లెం ముక్క అంటుకుని ఉండాలి. అది లేని తొన వారంలో నీరుకారి పోతుంది.

తొనల్ని శిలీంద్రనాశిని పొడిలో దొర్లించి, కోసిన చోట ఆరేదాకా కొన్ని గంటలు నీడలో ఉంచండి. తర్వాత పెర్లైట్ గాని వర్మిక్యులైట్ గాని (రెండూ తేలికపాటి ఖనిజపు గుళికలు) కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు గాని తీసుకుని తడపండి. పిడికిట్లో పిండితే చుక్క రాకూడదు, అంత తడి చాలు. ప్లాస్టిక్ సంచిలో దానితో పాటు తొనలు వేసి, కొంచెం గాలి ఉంచి మూతి కట్టి, 20–25 డిగ్రీల వెచ్చదనంలో, చీకటిగా ఉన్న అలమారలో పెట్టండి. వారానికోసారి తెరిచి చూసి బూజు పట్టినదాన్ని తీసేయండి. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య పొరల సందుల్లో, పళ్లెం దగ్గర, బియ్యపుగింజలా తెల్లగా మొదలై బఠానీ గింజంత బుల్లి దుంపలు కనిపిస్తాయి. అప్పుడు తొనతో సహా కుండీల్లో నాటండి. పదహారు తొనల్లో నాలుగైదు పోయినా నష్టపోయినట్టు కాదు. పువ్వుకి మూడేళ్ల దాకా పట్టొచ్చు. మొదటి రెండేళ్లు నిద్రపుచ్చకుండా నీళ్లిస్తూ పెంచితే త్వరగా లావెక్కుతాయి.

అసలైన లిల్లీలకైతే కత్తి కూడా అక్కర్లేదు. పైవరస పొలుసులు నాలుగైదు మొదలంటా విరిచి ఇలాగే సంచిలో పెడితే, ఒక్కో పొలుసు అడుగున ఒకటో రెండో బుల్లి దుంపలు వస్తాయి. తల్లి దుంపని తిరిగి నాటేస్తే అది మామూలుగానే పూస్తుంది. టైగర్ లిల్లీ అయితే ఆ శ్రమ కూడా పెట్టదు, ఆకుల సందుల్లో మిరియాల్లా నల్లటి బుడిపెలు కాస్తుంది, రాలేలోపు ఏరి నాటడమే. వాన లిల్లీ కాయ పగిలిన రోజే గింజలు చల్లితే తొందరగా మొలుస్తాయి, దాచిపెడితే బలం పోతుంది.

ఊరికే వచ్చినవాటిని వెంటనే మిగతావాటిలో కలపొద్దు

ఒక సీజన్ విడిగా కుండీలో ఉంచండి. ఆకుల మీద పసుపూ పచ్చా కలిసిన చారలు వస్తే మొజాయిక్ వైరస్ అని అనుమానించాలి. దానికి మందు లేదు, ముక్కలు చేసినా ప్రతి ముక్కలోనూ ఉంటుంది. ఎంత అందమైన రకమైనా పారేయాల్సిందే. 1630లలో హాలండ్‌లో మతిపోయే ధరలు పలికిన చారల తులిప్‌లకి ఆ చారలు తెచ్చింది కూడా పేనుబంక మోసే వైరసే, అదే వాటిని ఏటేటా నీరసింపజేసింది. హిప్పియాస్ట్రమ్ ఆకుల మీద, దుంప మీద ఎర్రటి కాలిన గాయాల్లాంటి మచ్చలుంటే అది శిలీంద్రం, దెబ్బతిన్న పొరలు తీసేసి పొడిగా ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది. ట్యూబరోస్, లిల్లీ గుత్తుల సందుల్లో పిండినల్లి దాక్కుని వస్తుంది, నాటేముందు కడిగి చూడండి.

దుంపలు వంటింట్లో పెట్టకండి. డాఫోడిల్ దుంపని ఉల్లిపాయ అనుకుని వండుకున్నవాళ్లున్నారు, అందులో లైకోరిన్ అనే విషం ఉంటుంది. అసలైన లిల్లీలు పిల్లులకి ప్రాణాంతకం, పిల్లి ఉన్న ఇంటికి ఇచ్చేటప్పుడు చెప్పి ఇవ్వండి. హయసింత్ దుంపలు పట్టుకుంటే చేతులు దురదపెడతాయి, గ్లవ్స్ వేసుకోండి.

ఇక పేర్లు. విశ్రాంతిలో ఉన్న దుంపలన్నీ ఒక్కలాగే ఉంటాయి, గుర్తుంటుందిలే అనుకున్నది ఏదీ గుర్తుండదు. రకం పేరు, ఇచ్చినవాళ్ల పేరు, తేదీ రాసి కుండీలోనే గుచ్చండి. మార్కర్ రాత రెండు వేసవులకి వెలిసిపోతుంది, ప్లాస్టిక్ పట్టీ మీద మెత్తటి పెన్సిల్‌తో రాస్తే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు.